తేనెటీగలు వాలిన ఉక్కు

ప్రతి శనివారం పొద్దున నేజా కాఫీ తాగి, చిల్లుల మూత ఉన్న పెట్టెలో గుప్పెడు తేనెటీగల్ని తీసుకుని గ్రెగా ఇనుప కొట్టుకి వెళ్ళేది. రదోవ్‌లిత్సా ఊళ్ళో ఇంటి దగ్గర ఇనప్పని చేసుకునేవాళ్ళంతా అంతే. గ్రెగా తలుపు మూసి, డ్రిల్ బిట్లనూ మరలు కోసే ట్యాపులనూ గుడ్డ మీద పరిచేవాడు. నేజా పెట్టె మూత తీస్తే, మంచి ఉక్కు మీద ఈగలు వాలేవి. నాసిరకం జోలికి పోయేవి కావు.

మిగతాది మనిషే చూసుకోవాలి. నేజా బిట్టును గాజు పలక మీద దొర్లించి వంకర ఉందేమో చూసేది. ట్యాపు పళ్ళ మీద గోరు నడిపి, గరుగ్గా తగిలితే పక్కన పెట్టేది.

ఆ వసంతంలో ఆమె తేనె తీసే యంత్రం చేస్తోంది. లిండెన్ చెట్లు పూసేలోగా అది తిరగాలి, లేకపోతే ఆ ఏడు తేనె పట్టుల్లోనే ఉండిపోతుంది. అడుగున కూర్చునే స్టెయిన్‌లెస్ పళ్ళెం ఒక్కటే వారాల తరబడి చేతిపని.

ఆమెను చూడ్డానికి ఆదివారాలు వచ్చే లోవ్రో బస్సు డ్రైవరు. మెత్తని మనిషి. ఒకసారి ట్యాపులూ బిట్లూ ఉన్న పెట్టె తెచ్చాడు. అన్నీ బంగారంలా మెరుస్తున్నాయి.

మేడ మీంచి నేజా వాళ్ళన్న వింకో తొంగిచూశాడు. "ఏమోయ్ లోవ్రో, పనిముట్లు తెచ్చావా, పెళ్ళికూతురి నగలా?"

"కొట్టువాడు చాలా గట్టివన్నాడు," అన్నాడు లోవ్రో.

పెరటి పట్టుల్లోంచి వచ్చిన ఈగలు ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయాయి. నేజా చూసింది. అతను మొహం చిన్నబుచ్చుకుంటాడని, చూడనట్టే ఊరుకుంది.

మంగళవారం ఆ పెట్టెలోని ట్యాపుతోనే పళ్ళేనికి మర కోయబోయింది. నూనె వేసింది, సగం చుట్టు తిప్పి పావు చుట్టు వెనక్కి తెస్తూ జాగ్రత్తగానే దించింది. టిక్‌మంది. ట్యాపు బెజ్జంలోనే విరిగిపోయింది.

"ఇక అతన్ని రావద్దని చెప్పేస్తా," అంది అన్నతో.

"ట్యాపు విరిగినందుకా?"

"మంచీ చెడ్డా తెలియని మనిషితో ఎట్లా వేగేది? నేను తెలిసీ నోరు మూసుకున్నాను. ఇంకా ఎన్నిటికి మూసుకోవాలి?"



ఆదివారం లోవ్రో గుమ్మంలోకి రాగానే ఆమె పళ్ళెం చూపించి, ఇకమీదట రావద్దంది. అతను బతిమాలలేదు. "విరిగింది నేనిచ్చిందే కదా. దీన్ని తీసేసి వెళ్తాను," అని కోటు విప్పాడు.

పళ్ళేన్ని బల్ల మీది వైసు దవడల మధ్య బిగించి, సన్నని ఉలితో విరిగిన ముక్కను రవ్వ రవ్వగా పొడిచి తీస్తూ కూర్చున్నాడు. చేతకాని పని, వేళ్ళు తెగాయి. నేజా వచ్చి ఉలి పట్టుకోవడం ఒకసారి చూపించి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగేసరికి ఆఖరి ముక్క బల్ల మీద పడింది. బెజ్జం చెడలేదు.

అప్పుడు ఈగలొచ్చాయి. బిట్ల మీదా పళ్ళెం మీదా కాదు, లోవ్రో మణికట్ల మీద, మోచేతుల మీద, మెడ మీద దట్టంగా వాలాయి. అతను కదల్లేదు.

వింకో మెట్ల మీదే ఆగి చూశాడు. "సాయంత్రం బస్సు వీడు తోలేలా లేడు. డిపోకి ఫోన్ చేసి చెబుతా," అని వెళ్ళాడు.

నేజా అతని చేతుల మీది ఈగల్ని చూసింది. తర్వాత వంటింట్లోంచి పుల్లటి క్యాబేజీ సూప్ తెచ్చి, స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. అతని చేతులు ఖాళీగా లేవు. చెంచా తనే పట్టుకుంది.

"ట్యాపులు కొనడం నీ వల్ల కాదు," అంది.

"కాదు," అన్నాడు లోవ్రో, పెదవులు మాత్రమే కదిలేలా.

"మరి నోరు తెరువు."