గచ్చిబౌలిలో గదాయుద్ధం

నేనొక గదను, అద్దెకు దొరికే రకం. నాటకాల గదలు మామూలుగా అట్టముక్కలతో, వెదురుబద్దలతో తయారవుతాయి. నన్ను మాత్రం తెనాలిలో వీరాచారి అనే వడ్రంగి అసలు సిసలు టేకుతో చేశాడు. వీరుడి వేషం కట్టే బసవయ్యకు చేతిలో బరువు లేకపోతే కోపం పలికేది కాదట.

ఇరవై ఏళ్లు అతని భుజమెక్కి ఊళ్లు తిరిగాను. గదను ఊపి, శత్రువు తొడకు జానెడు దూరంలో ఆపడమే ఆ విద్య. ఒకసారి చీరాలలో శత్రువు వేషగాడి పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ వచ్చింది, బసవయ్యకు ఒక్కటీ రాలేదు. ఆ పూట జానెడు దూరం మిగల్లేదు. తొడ ఎముక విరిగి ఆ మనిషి నిజంగా గోలపెడుతుంటే, అబ్బో ఏం నటనరా అని జనం ఈలలు వేశారు. అప్పటినుంచి చప్పట్లంటే నాకు ఒళ్లుమంట. బసవయ్య మళ్లీ నన్ను ముట్టుకోలేదు. నారాయణగూడలో వేషాలు అద్దెకిచ్చే కొట్టుకు ఇచ్చేశాడు.

అక్కడికి ఇందుమతి వచ్చింది. బస్సు టికెట్ల యాప్ నడిపే ఒక చిన్న జట్టుకు ఆమె స్క్రమ్ మాస్టర్, అంటే వాళ్ల పని సాఫీగా సాగేలా చూసే మనిషి. వాళ్లు రెండు వారాలకోసారి రెట్రో అని పెట్టుకుంటారు. ఏం బాగా చేశాం, ఎక్కడ చెడగొట్టాం అని చెప్పుకోవడం. ఊరికే చెప్పుకుంటే ఆవలింతలొస్తాయని ఆటలు ఆడిస్తారు. ఈసారి ఆట పేరు ‘యుద్ధరంగం’. ఇందుమతి అడిగింది అట్ట గదనే. అది ఏదో స్కూలు వార్షికోత్సవానికి వెళ్లిందని కొట్టువాడు నన్ను సంచిలో పెట్టాడు. “కొంచెం బరువుంటదమ్మా, అంతే” అన్నాడు.

గచ్చిబౌలిలో ఆరో అంతస్తు, అద్దాల గది. బల్ల మీద మట్టి ముంతలు వరుసగా పెట్టారు. తమను బాధపెట్టిన సమస్యను పసుపు చీటీ మీద రాసి, ముంతకు అంటించి, నాతో పగలగొట్టాలి. “దెబ్బ పనికే తగలాలి, మనిషికి కాదు” అని ఇందుమతి నియమం చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు.

ఆ ముందు శుక్రవారం వాళ్లు విడుదల చేసిన కొత్త వెర్షన్ ఒకే సీటును ఇద్దరికి అమ్మింది. బస్టాండులో ప్రయాణికులు కొట్టుకున్నారు. విడదీయబోయిన కండక్టర్ తల పగిలింది. తప్పు రెహానాదని మేనేజర్ గిరిధర్ తేల్చేశాడు, ఎందుకంటే యాప్‌ను పరీక్షించేది ఆమె. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు పొడిగించాలో ఇంటికి పంపాలో గిరిధరే రాయాలి. గురువారం ఆమె విడుదల వద్దందనీ, “పర్లేదు, పంపేయండి” అన్నది గిరిధరేననీ ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది.

మొదట గిరిధర్ లేచాడు. ‘చెత్త టెస్టింగ్’ అని రాసి, చొక్కా చేతులు మడిచి, నన్ను రెండు చేతులా ఎత్తి దించాడు. ముంత నుగ్గయింది. పెంకు ఎగిరి రెహానా చెంప చీరుకుపోయింది. నెత్తురు కనిపిస్తున్నా చప్పట్లు ఆగలేదు. గాలి ఎటు వీస్తోందో చూసి, తర్వాతి ఇద్దరూ ‘టెస్టింగ్ ఆలస్యం’, ‘అర్థంకాని రిపోర్టులు’ అని రాసి బాదారు. కోడ్ రాసిన ధర్మతేజ, రోజూ రెహానా డబ్బాలో అన్నం పంచుకు తినేవాడు, ‘ఏసీ చలి’ అని రాసి మెల్లగా తట్టాడు. అందరికన్నా నాకు వాడి మీదే కోపం వచ్చింది.

రెహానా నన్ను తీసుకోలేదు. చెంప తుడుచుకుని, ‘గురువారం నేను వద్దన్నాను’ అని రాసి, ఆ ముంతను గిరిధర్ ముందు పెట్టింది.

“ఇది అబద్ధమైతే మీరే పగలగొట్టండి సార్.”

“అరే, గేమ్ కదమ్మా ఇది! అంత సీరియస్ అయిపోతావేంటి?” అని గిరిధర్ నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నన్ను అందుకుని తలపైకి ఎత్తాడు. ఆ పట్టు నాకు తెలుసు, అది ఆగే పట్టు కాదు.

“వద్దు సార్!” అని రెహానా అరిచింది. అంతలో ధర్మతేజ చెయ్యి ముంత మీదికి వచ్చింది. “సార్, నేను విన్నాను...”

నేను ఆగలేను కదా. వేళ్లు, ముంత కలిసి పగిలాయి. తెల్లటి బల్లంతా నెత్తురయింది. వాడు చెయ్యి పొట్టకు అదుముకుని మోకాళ్ల మీద కూలబడి, పళ్లు బిగించి “నేను విన్నాను, నేను విన్నాను” అంటూనే ఉన్నాడు.

మూడు వేళ్లు విరిగాయి. ఆఫీసులో ఎముక విరిగితే కంపెనీ ఊరుకోదు, విచారణ పెట్టింది. ఒక మనిషి ఉద్యోగం పోతుంటే కదలని కాగితాలన్నీ కదిలాయి. కొట్టిందెవరు, ఎందుకు, చీటీ మీద ఏముంది, అది నిజమేనా? ఒక్కొక్కరూ రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది. రెహానా పొడిగింపు గిరిధర్ చేతుల్లోంచి పైవాళ్ల చేతుల్లోకి వెళ్లింది, ఏడాదికి మంజూరైంది.

నా మెడకు నంబరు చీటీ కట్టి హెచ్‌ఆర్ వాళ్ల బల్ల మీద పడేశారు. చివరగా రెహానాను పిలిచారు.

“దెబ్బ పడేముందు మీరేమైనా అన్నారా?”

“వద్దన్నాను సార్” అంది. మళ్లీ తనే, “ఈసారి విన్నామని అందరూ రాశారంట కదా” అని ఏడ్చేసింది.