చేపల సైకిలుకు ఎర్ర లైటు

ఆటోవాళ్ళు ఎక్కించుకోకపోబట్టే వెంగమ్మ సైకిలెక్కింది.

అనంతసాగరం చెరువులో మొగుడు బాలయ్య పట్టిన చేపల్ని ఆత్మకూరు మార్కెట్టుకు చేర్చాలంటే ఒకప్పుడు ఆమెకు షేర్ ఆటోనే దిక్కు. "నీసు వాసన, మిగతావాళ్ళు ఎక్కరు" అంటూ ఒకరి తర్వాత ఒకరు ఆమె పెట్టెను రోడ్డు మీదే దించేశారు. చివరిసారి దించినవాడు వెనక వీధి సురేశ్‌బాబు. ఆ రోజు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచొచ్చిన వెంగమ్మ, కొడుకు వాడటం మానేసిన సైకిలును గోడ పక్కనుంచి బయటికి లాగింది. నలభై రెండేళ్ళ వయసులో, వీధి వీధంతా నవ్వుతుండగా, మోకాళ్ళు రెండూ దోక్కుపోయాక, తొక్కడం నేర్చుకుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు వానకూ ఆగలేదు, మంచుకూ ఆగలేదు. తెల్లవారుజామున వెనక థర్మోకోల్ పెట్టె కట్టుకుని బయలుదేరితే ఎండ ఎక్కేలోపు మార్కెట్టు పక్కన పట్టా పరిచేది. ఎక్కడ గుంట, ఎక్కడ కల్వర్టు, ఎక్కడ కుక్కలు అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. దారి తనకు తెలుసన్న ధీమాలో, దారిన వచ్చేవాళ్ళకు తను తెలియాలన్న ఆలోచన ఎన్నడూ తట్టలేదు.

ఒక మంచు రోజున కల్వర్టు మలుపులో వెనకనుంచి వచ్చిన ఆటో పెట్టె మూలను రాసుకుంటూ పోయింది. సైకిలు ఒక పక్క, వెంగమ్మ ఒక పక్క పడ్డారు. చేపలు తారు మీద చెల్లాచెదురయ్యాయి. కొంచెం దూరం పోయి ఆటో ఆగింది. దిగి పరుగెత్తుకొచ్చినవాడు సురేశ్‌బాబే.

"అక్కా, నువ్వా! కనపళ్ళేదక్కా. దేవుడి తోడు, మీద పడిందాకా ఏమీ కనపళ్ళేదు."

వెంగమ్మ ఎడమ మణికట్టు వాచిపోయింది. మర్నాడు సాయంత్రం సురేశ్‌బాబు చేపల సంఘం పెద్ద నారాయణయ్యను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చింది పరామర్శకే గానీ మాట అటు తిరగలేదు.

"ఆడమనిషివి, చీకట్లో సైకిలేందమ్మా?" అన్నాడు నారాయణయ్య. "చెరువు కట్ట కాడికే చేపలు కొనే వ్యాను వస్తా ఉండాది. చేపలు వాళ్ళకేసి ఇంటి కాడ ఉండు."

"వ్యానోడు చెప్పిందే రేటు పెద్దాయనా. నా గిరాకీ ఆత్మకూర్లో ఉండాది."

"రేపు ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాదక్కా," అన్నాడు సురేశ్‌బాబు. "లైటు లేని సైకిలు రోడ్డెక్కితే తప్పెవురిది?"

బాలయ్య వల చిక్కు తీస్తూ తలెత్తలేదు. వెంగమ్మకు ఒళ్ళు మండింది. ఆ మాటలో నిజం ఉన్నందుకు ఇంకా మండింది.

"లైటే గదా? పెట్టుకుంటా," అంది. "చెయ్యి తగ్గినాక ఇదే రోడ్డు మీద, ఇదే యాళకు పోతా. ఎవురొచ్చి ఆపుతారో చూస్తా."

పది రోజులకు చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. ఆత్మకూరు బస్టాండు వెనక ముప్పయ్యేళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్న ఉదయగిరి మనిషి అజ్మతుల్లా అంగడికి పగటిపూట పోయింది.

"భాయ్, నీ కాడుండే లైట్లలో అన్నిటికంటే పెద్దది ఇయ్యి."

"పెద్దది ఎందుకమ్మా? నీ సైకిలుకు సరిపోయేది చూపిస్తా, కూర్చో."

"నన్ను చూళ్ళేదన్నోళ్ళకు కళ్ళు చెదరాల. పెద్దదే ఇయ్యి."

అజ్మతుల్లా రెండుసార్లు చెప్పి చూశాడు. వినకపోయేసరికి గడ్డం గోక్కుంటూ పొలాల కావలికి వాడే పెద్ద టార్చిలైటు తీసి హ్యాండిలుకు బిగించాడు. వెనక సీటు కింద రంగురంగులుగా మిణుకుమనే బొమ్మలైటు కూడా వెంగమ్మే ఏరి పెట్టించుకుంది.

మర్నాడు తెల్లవారుజామున ఆమె ఊరేగింపు బయలుదేరినట్టే బయలుదేరింది. వెలుతురు ఎదురుగా తుమ్మచెట్ల కొమ్మల దాకా కొట్టింది. ఇంకెవడు చూడలేదంటాడో అనుకుంటూ జోరుగా తొక్కింది. అంతలో ఎదురుగా పాలకేంద్రానికి క్యాన్లు తీసుకుపోతున్న సైమన్ బైకు వచ్చింది. ఆ బండి ఒక్కసారిగా తూలి, తారు దిగి, మట్టిలో పక్కకు ఒరిగిపోయింది. ఒక క్యాను మూత ఊడి పాలన్నీ గడ్డిపాలయ్యాయి.

"ఎవురది?" సైమన్ రెండు చేతులతో కళ్ళు మూసుకుని అరిచాడు. "కళ్ళల్లో సూదులు గుచ్చినట్టు కొట్టినావు గదమ్మా! నాకు రోడ్డే కనపళ్ళా. ముందు దాన్ని ఆర్పు!"

వెంగమ్మ గబుక్కున సైకిలు దిగింది. లైటు ఆర్పి, అతని బండిని పట్టి లేపింది. అతని మోచెయ్యి గీసుకుపోయి ఉంది.

"తప్పు నాదే అన్నా," అంది. మామూలుగా ఆ మాట ఆమె నోట అంత తొందరగా వచ్చేది కాదు.

సైమన్ కోపం కొంచెం దిగింది. బండి తిప్పుకుంటూ ఆమె సైకిలు వెనక్కి వచ్చి వంగి చూశాడు. "ఈ మిణుగురు ఎవురి కోసం? పెట్టె అడ్డం ఉండాదే, వెనకొచ్చేవాడికి యాడ కనపడతాది?"

ఆ రోజు చేపలు అమ్ముడుపోగానే వెంగమ్మ నేరుగా అజ్మతుల్లా అంగడికి పోయింది. జరిగింది దాచకుండా చెప్పింది. "సరైంది ఇయ్యి భాయ్. ఈసారి నువ్వు చెప్పు, నేను ఇంటా."

అతను ఎత్తిపొడవలేదు. పెద్ద టార్చి ఊడదీసి, అరచేతిలో పట్టే తెల్లలైటు బిగించాడు. "ఇది చార్జింగుది, వానకు తడిసినా ఏంగాదు. ముందు లైటు ఎప్పుడూ కిందికి వంచాల. వెలుగు నీ చక్రానికి పదడుగుల ముందర రోడ్డు మీద పడాల, ఎదుటోడి మొహం మీద కాదు." బొమ్మలైటు తీసేశాడు. ఇనప పట్టీ ఒకటి వంచి క్యారేజీకి బోల్టుతో బిగించి, పెట్టె వెనక బయటికి కనపడేలా దానికి ఎర్రలైటు పెట్టాడు. పెట్టె రెండు పక్కలా మెరిసే టేపు అంటించాడు. "చేప పొలుసు అంటుకుంటే లైటు గుడ్డిదైపోతాది. రోజూ తుడువు."

"బాగుండాది. ఇప్పుడు నువ్వు ఎక్కు," అంది వెంగమ్మ.

"నేనా?"

"నేను ఎట్టా కనపడతానో నాకు తెలియాల గదా. నువ్వు తొక్కు, నేను చూస్తా."

పొద్దు గూకేదాకా ఆమె కదల్లేదు. మసక పడ్డాక అరవయ్యేళ్ళ అజ్మతుల్లా లుంగీ ఎగగట్టి నీసు కొట్టే సైకిలెక్కి, అంగడి ముందు రోడ్డు మీద అటూ ఇటూ తొక్కాడు. పక్క టీ కొట్టువాళ్ళు బయటికొచ్చి నవ్వారు. వెంగమ్మ నవ్వలేదు. ఎదురుగా నిలబడి చూసింది, వెలుగు కళ్ళలో గుచ్చలేదు. పక్కనుంచి చూసింది, టేపు మెరిసింది. వెనకనుంచి చూసి గట్టిగా కేకేసింది.

"ఆగు భాయ్! ఎర్రది ఆరతా ఎలగతా ఉంటే నువ్వెంత దూరంలో ఉండావో నాకు తెలవడంలా. నిలకడగా ఎలగనీ."

అజ్మతుల్లా దిగి మీట మార్చాడు. "నీకు అంగడి అప్పజెప్పి నేను ఇంటికి పోవచ్చు," అన్నాడు.

మూడో రోజు కల్వర్టు ఇవతలే వెనకనుంచి ఆటో హారన్ వినిపించింది. ఇదివరకైతే హారన్ పడగానే తారు దిగి గులకరాళ్ళలోకి పోయేది. చక్రం జారి ఎన్నిసార్లు పడబోయిందో ఆమెకే తెలుసు. ఈసారి దిగలేదు. తారు అంచుకు రెండు జానలు ఇవతల, తిన్నగా తొక్కుతూనే ఉంది. హారన్ మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. ఆమె హ్యాండిలు తిప్పలేదు. చివరికి ఆటో వేగం తగ్గించి, దూరంగా చుట్టు తిరిగి, ముందుకెళ్ళి ఆగింది. సురేశ్‌బాబు తల బయటపెట్టాడు.

"హారన్ ఇనపళ్ళేదా అక్కా? పక్కకి దిగాల గదా."

"ఇనపడింది. నా లైటు నీకు యాణ్ణించి కనపడింది?"

అతను వెనక్కి తిరిగి వచ్చిన దారికేసి చూశాడు. "స్కూలు మలుపు కాణ్ణించే," అన్నాడు.

"అంత దూరాన్నుంచి చూసినోడివి, తిప్పుకొని పోయేదానికి నీకు రోడ్డు చాల్లేదా? నేను రాళ్ళల్లోకి దిగను అబ్బయా. ఇయ్యాల దిగను, రేపూ దిగను."

ఆటోలో వెనక కూర్చున్న ముసలామె నవ్వింది. "పోనీరా, ఆమె దావన ఆమె పోతా ఉంటే నీకేంది?"

సురేశ్‌బాబు గేరు వేశాడు. వెంగమ్మ అదే వేగంతో, తారు వదలకుండా, ఆత్మకూరు దాకా తొక్కింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చోకముందే లైట్లు రెండూ విప్పి, తడిగుడ్డతో పొలుసులు తుడిచి, చార్జింగుకు పెట్టింది. బాలయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"రేపు కూడా పోతావా?" అన్నాడు మెల్లగా.

"రాగండి చేపలు ఎక్కువ పట్టుకురా," అంది ఆమె పళ్ళెంలో అన్నం పెట్టుకుంటూ. "అడిగేవాళ్ళు ఎక్కువైనారు."