వంతెనకు ఎగువ చేపలు

మా బావగారు వెర్లిన్ ప్రార్థన మరిచిపోతాడేమోగాని, చేపల నిబంధనల పుస్తకంలో అక్షరం మరిచిపోడు. చర్చి మెట్ల మీదైనా, మా వంటింట్లో కాఫీ తాగుతున్నా అదే ఉపన్యాసం. వంతెనకు ఎగువన మా వాగు మొదటి తరగతి. అక్కడ ట్రౌట్ చేపలు తమంతట తామే గుడ్లు పెట్టి పెరుగుతాయి కాబట్టి పట్టినదాన్ని వెంటనే వదిలేయాలి. దిగువన మూడో తరగతి. అక్కడున్నవి వసంతంలో పెంపక కేంద్రం లారీ తెచ్చి పోసినవి. రోజుకి మూడు ఇంటికి తెచ్చుకోవచ్చు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆయన మా ఊరి చేపల క్లబ్బులో ఏడాదికి నాలుగు మీటింగులు పెట్టి, మా ఆయన ఓరిన్‌తో కుర్చీలు మోయిస్తాడు.

మే నెలలో మా మేనమామ గుస్ ఎగువన రెండు చేపలు పట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఎనభై ఒక్కేళ్ల మనిషి. హద్దు బోర్డు మంచుకి పడిపోవడంతో పొరపడ్డాడు. చేపల నిబంధనలు అమలుచేసే వార్డెన్‌కి ఫోన్ చేసింది మా బావగారే. మామయ్య లైసెన్సు పోయింది. అది చాలదని, శుక్రవారం క్లబ్బు హాల్లో భోజనాలయ్యాక ఆయన్ని క్లబ్బులోంచి తీసేయడానికి ఓటింగు పెట్టాడు. ఆ క్లబ్బు మొదలుపెట్టింది మామయ్యే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బావగారు బకెట్టుతో వచ్చాడు.

"వంతెనకు దిగువన పట్టానమ్మా. మూడే. నిబంధన నిబంధనే. తలలూ రెక్కలూ కోసేసి వేయించు. వార్డెన్ కార్లా నా పక్కనే కూర్చుంటుంది."

"రెక్కలు కరకరలాడితే మీకు ఇష్టం కదా బావగారూ?"

"చెప్పింది చెయ్యి. చేపల గురించి నీకేం తెలుసు?"

నాకు తెలిసింది ఒకటే. పెంపకపు చేపలు సిమెంటు తొట్టెల్లో గోడలకి రాసుకుని పెరుగుతాయి. వాటి రెక్కలు అరిగిన చీపురు కట్టల్లా ఉంటాయి. ఇవి విసనకర్రల్లా నిండుగా విచ్చుకుని, అంచున తెల్లగీతతో ఉన్నాయి. చిన్నప్పుడు మామయ్య నా చేత చేపలు కడిగిస్తూ చూపించిన తేడా ఇదే.

ఓరిన్ తొంగి చూశాడు. చూడగానే అతనికీ అర్థమైంది.

"కోసెయ్యవే. అన్నయ్యతో గొడవ మనకెందుకు?"

ఆ చేపకున్నన్ని ముళ్లు కూడా మా ఆయన ఒంట్లో లేవు.

పేగులు మాత్రం తీశాను. పిండి అద్దకుండా, రెక్కలు విప్పి, వెన్నలో వేయించాను.

హాల్లో బావగారు నిలబడి, "నిబంధన తెలియనివాడు వాగుకి శత్రువు" అంటున్నాడు. చివరి బెంచీ మీద మామయ్య టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పళ్లెం తీసుకెళ్లి కార్లా ముందు పెట్టాను.

ఆవిడ ఫోర్కుతో ఒక రెక్క ఎత్తింది. రెండోదీ ఎత్తింది.

"వెర్లిన్, ఇవెక్కడివి?"

"దిగువవే! రెక్కలు కోసెయ్యమని చెప్పాను కదమ్మా నీకు!" అని నామీద అరిచాడు.

"కోసెయ్యడమెందుకు?" అంది కార్లా.

ఎవరూ నమలడం లేదు. మామయ్య మెల్లగా నడిచొచ్చి పళ్లెంలోకి వంగి చూశాడు.

"నిక్షేపంలాంటి చేప. ఎగువదే. బాగా వేయించావే పిల్లా."

కార్లా జేబులోంచి జరిమానా చీటీల పుస్తకం తీసింది. ఓటింగు మాట ఇంకెవరూ ఎత్తలేదు. ఏ నిబంధన కింద రాయాలో ఆవిడ మా బావగారినే అడిగింది. పేజీ నంబరుతో సహా చెప్పాడు, పాపం.