పదహారో టౌన్‌షిప్

వెర్లీన్ టీచరుగారి వాకిలి దగ్గరికి రాగానే డెల్మర్ హావ్లిక్ కంకర రోడ్లు చదును చేసే గ్రేడర్ బండి బ్లేడును జానెడు పైకెత్తాడు. ఎవరి వాకిలికీ అడ్డంగా కంకర గట్టు వదలకూడదన్నది ముప్పై ఎనిమిదేళ్లుగా అతని పట్టింపు. పెద్ద చేతులు, ఎండకు కమిలిన మెడ, దుమ్ముతో తెల్లబడ్డ కనుబొమలు. టెమ్లిన్ కౌంటీలోని ప్రతి గతుకూ అతని నడుముకు తెలుసు.

సరిగ్గా అక్కడే రోడ్డు అరవై అడుగులు పక్కకు జరుగుతుంది. భూమి గుండ్రంగా ఉండడంతో తొలి సర్వేయర్ల కొలత గొలుసులకు లెక్క కుదరక మిగిలిన వంకర అది. ఒకప్పుడు అక్కడ వెల్టా అనే ఊరుండేది. రైలు స్టేషను, బ్యాంకు, బడి అన్నీ పోయి, ఆ బడిలో పాఠాలు చెప్పిన వెర్లీన్ ఒక్కతే మిగిలింది. బ్లేడుకు ఆ ఊరి నాటి ఏ నీలం సీసా పెంకో తగిలితే డెల్మర్ తెచ్చి ఆమె కిటికీలో పెడతాడు.

ఆవేళ మధ్యాహ్నం కౌంటీ బోర్డు సమావేశం. వెర్లీన్ ఇంటికి పోయే మైలు రోడ్డును కౌంటీ చూసుకునే రోడ్ల జాబితాలోంచి తీసేస్తే ఇక టపా రాదు, మంచు తీసేవాళ్లుండరు. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి ఇల్లు వదిలి వృద్ధాశ్రమానికి పోవాల్సిందే. డెల్మర్ లేచి మాట్లాడతానన్నాడు. జన్మలో నలుగురి ముందు నోరు విప్పినవాడు కాడు.

"ఏరా, టౌన్‌షిప్పులు ఎన్ని?" గుమ్మంలోనే అడిగింది వెర్లీన్. టౌన్‌షిప్పులంటే కౌంటీలోని చిన్న చిన్న విభాగాలు; వాటి పేర్లు ఆమె బడిలో వల్లె వేయించిన పాఠం.

"పదహారండీ."

"చెప్పు మరి."

పదిహేను చెప్పి ఆగిపోయాడు. చిన్నప్పుడూ అంతే.

"ఏడ్చినట్టుంది! అందరి ఊళ్లూ గుర్తుంటాయి, నువ్వు పుట్టిన వెల్టా తప్ప!" అంటూ రేకు డబ్బా అందించింది. అందులో ఎండుపండ్ల గుజ్జు పెట్టి కాల్చిన కోలాచీ రొట్టెలు నాలుగు. "మూడు తినెయ్. నాలుగోది మీటింగయ్యాక నా ఎదురుగా తినాలి. వెల్టా మర్చిపోయావో, ఆ రొట్టె నాకే వాపసు."

"మీరు వెళ్లిపోతే ఇక్కడ ఎవరికోసం బ్లేడు ఎత్తాలి టీచరుగారూ?" అన్నాడు డెల్మర్. ఆమె మొహం తిప్పుకుంది.

సమావేశంలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు. అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నోటికొచ్చింది ఆ పాఠమే. బీవర్, ఎల్మ్ క్రీక్ అంటూ ఒక్కొక్కటిగా పదిహేనూ చెప్పాడు. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"పదహారోది వెల్టా," అన్నాడు గట్టిగా. "అక్కడ మా టీచరుగారున్నారు. నే చెప్పేది అంతే."

ఆమె ఉన్నంతకాలం రోడ్డు ఉంచాలని బోర్డు తీర్మానించింది.

ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగు మీంచి వేలెత్తి పలకరించే మనిషి, తిరిగొచ్చేటప్పుడు ఆ సంబరంలో ఎవరినీ చూడలేదు.

వెర్లీన్ వంటింటి కుర్చీలో తల వాల్చి ఉంది. రేడియోలో రేపటి వాన సంగతి చెబుతున్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"మర్చిపోలేదండీ," అన్నాడు డెల్మర్. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కబురందుకుని దూరపు పొలం నుంచి వచ్చిన పొరుగామె వెర్లీన్ పక్కన కూర్చుంది. శవాన్ని తీసుకెళ్లే బండి రావడానికి గంట పడుతుందన్నారు. ఆ గంటలో డెల్మర్ మైలు పొడుగునా రెండుసార్లు చదును చేశాడు. వాకిలి దగ్గర ఎప్పటిలాగే బ్లేడు ఎత్తాడు. వచ్చిన బండిలో ఆమె ఒక్క కుదుపు కూడా లేకుండా వెళ్లిపోయింది.

తర్వాత లోపలికి వెళ్లి కిటికీలో, నీలం పెంకుల పక్కన, రేకు డబ్బా పెట్టాడు. అందులో నాలుగో కోలాచీ అలాగే ఉంది.