మార్కాపురంలో నన్ను పలక అన్నారు

నేను ఒక అరచేతి కంప్యూటర్ని. టచ్ ఫోన్లు ఇంకా ఊరూరా పాకని రోజుల్లో నాలాంటిది జేబులో ఉంటే డాక్టరుకు అదో గొప్ప. ఏ దేశంలో పుట్టానో సరిగ్గా తెలియదు. కళ్లు తెరిచేసరికి హైదరాబాదులో ఒక షాపు అద్దాల వెనక ఉన్నాను. నల్లటి ఒళ్లు, పక్కన రాయడానికి ఒక సన్నటి పుల్ల. కడుపులో మందుల సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఏ మందు ఎవరికి ఎంత ఇవ్వాలో చెబుతాను. ఒకదానితో ఒకటి పడని మందులు కలిపి రాయబోతే టింగుమని మోగి, ఎర్రగా హెచ్చరిక చూపిస్తాను. ఇంత చదువున్నదాన్ని కదా, ఏ పెద్దాసుపత్రిలోనో వెలిగిపోతాననుకున్నాను. మార్కాపురం బస్సెక్కుతానని కలలో కూడా అనుకోలేదు.

నన్ను కొన్నది డాక్టర్ శేషఫణి. నెమ్మదస్తుడు, అనుమానం మనిషి. ఏ మందైనా ఒకసారి చూసుకుని రాస్తేగానీ ఆయనకి తృప్తి ఉండదు. మొదట్లో నన్ను బల్లమీద దర్జాగా కూర్చోబెట్టి, అందరి ముందూ పుల్లతో పొడిచి అడిగేవాడు. నేనూ ఠకీమని చెప్పేదాన్ని.

కానీ మార్కాపురం పలకల ఊరు. అక్కడ సగంమంది రాతిని పలకలుగా కోసి, నున్నగా రుద్ది, చట్రాలు బిగించి బతికినవాళ్లు. నల్లటి పలకా పుల్లా ఎవరి చేతిలో ఉండాలో వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. వెలుగొండయ్య అని, చిన్నప్పట్నుంచీ పలకలు కోసి ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడు చేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. శేషఫణి ఇచ్చే ఆయాసం మాత్రల మీదే రోజులు నెట్టుకొస్తున్నాడు. ఆయన నన్ను చూశాడు, డాక్టర్ని చూశాడు.

"ఏంది సారూ, మీరింకా పలక మీద దిద్దుకుంటన్నారా? మా మనవడు గూడా మొన్నే మొదలెట్టాడు" అన్నాడు.

బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. వెలుగొండయ్యకి అందులో ఏ దురుద్దేశమూ లేదు, నవ్వితే దగ్గొస్తుందని నవ్వను కూడా లేదు. డాక్టరుకు మాత్రం తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికల్లా ఊరంతా ఈ మాటే. ఎదురు వీధి డాక్టరు దేన్నీ చూడకుండా చకచకా రాసేస్తాడని, ఈయన ఇంకా నేర్చుకుంటున్నాడని చెప్పుకున్నారు. చూసుకుని రాసేవాడు చదువు రానివాడు, చూడకుండా రాసేవాడు పండితుడు. మనుషుల లెక్క నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మర్నాటినుంచి నా కాపురం బల్ల సొరుగులోకి మారింది. టింగుమంటే గుట్టు రట్టవుతుందని నా నోరు కూడా నొక్కేశాడు. అయితే చూసుకోకుండా రాయడం ఆయన వల్ల కాలేదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. "అటు తిరిగి గట్టిగా ఊపిరి పీల్చు" అనేవాడు. రోగి వీపు తిప్పగానే ఒక చేత్తో స్టెతస్కోపు ఆనించి, రెండో చేత్తో సొరుగు లాగి నన్ను పొడిచేవాడు. కాల్లో ముల్లు దిగినవాడికీ ఇదే వరస, పన్ను నొప్పి అన్నవాడికీ ఇదే వరస. జనం ముక్కున వేలేసుకున్నారు. వీపు చూసి రోగం చెప్పేస్తాడని పేరొచ్చింది. పక్క ఊళ్లనుంచి కూడా వీపులు పట్టుకొచ్చారు. పని నాది, పేరు వీపులది.

ఒక శనివారం మధ్యాహ్నం, చివరి పేషెంటుగా వెలుగొండయ్య వచ్చాడు. జ్వరం, పచ్చటి కఫం. డాక్టరు ఆయన్ని అటు తిప్పి, సొరుగు లాగి, పాత ఆయాసం మాత్ర పేరూ కొత్తగా ఇవ్వబోయే యాంటీబయాటిక్ పేరూ పొడిచాడు. నేను ఎర్రబడ్డాను. ఆ కొత్త మందు పాతదాన్ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. లోపల పేరుకుని విషమవుతుంది. అరుద్దామంటే నోరు లేదు. సరిగ్గా అప్పుడే వెలుగొండయ్యకి దగ్గు తెర వచ్చి, ఊపిరి పీల్చలేక ఇటు తిరిగాడు. డాక్టరు నా మొహం చూడకుండానే గభాలున సొరుగు మూసేశాడు. ఏమీ లేదులే అనుకున్నాడో, మళ్లీ తిప్పితే బాగుండదనుకున్నాడో, మందు రాసేశాడు. చీకట్లో పడి ఉన్న నాకు జాలీ కోపమూ రెండూ వచ్చాయి. పరువుకోసం మనిషి ప్రాణం మీదికి తెస్తున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఆదివారం సెలవు. సోమవారం తలుపులు తీస్తూనే వెలుగొండయ్య భార్య గాలెమ్మ ఆటోలో ఆయన్ని వేసుకొచ్చింది. ఆగని వాంతులు, గుండె దడ, వచ్చే దారిలో ఫిట్స్ కూడా వచ్చాయట. డాక్టరు సొరుగు లాగాడు. నిద్రలేవగానే ఆఖరున ఉన్న పేజీయే చూపించడం నా అలవాటు. ఎర్రటి హెచ్చరిక అలాగే ఉంది. ఈసారి ఆయన దాన్ని చివరిదాకా చదివాడు.

రెండు మందులూ ఆపించి, సూదిమందు ఇచ్చి, సెలైన్ పెట్టి, తనే పక్కన కూర్చుని కారులో ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా వెలుగొండయ్య చెయ్యి వదల్లేదట. ప్రాణం దక్కింది. మాట్లాడే ఓపిక వచ్చాక మొగుడూ పెళ్లాలకి ఉన్నదున్నట్టు చెప్పాడు. నవ్వుతారని పలక దాచాను, దాచడం వల్ల చూడలేదు, తప్పు నాదే అన్నాడు. గాలెమ్మ తిట్టవలసినవన్నీ తిట్టింది. ఆయన తలొంచుకుని పడ్డాడు.

కోలుకున్నాక ఒకరోజు వెలుగొండయ్య క్లినిక్‌కి వచ్చాడు. జేబులోంచి చిన్న చెక్క చట్రం తీశాడు. పలకలకి బిగించేలాంటిదే, నా కొలతకి చేసింది. నన్ను అందులో బిగించి, బల్ల మధ్యలో నిలబెట్టి వెళ్లిపోయాడు. మోగే హక్కు కూడా నాకు ఆరోజే తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఊరు మరీ ముదిరింది. మోకాలు గీరుకుపోయినా సరే, పలక చూడకుండా రాస్తే చీటీ పుచ్చుకోరు. ఏళ్లు గడిచి నా బ్యాటరీ చచ్చిపోయింది. దాన్ని మార్చేవాడు దేశంలోనే లేడన్నారు. నా చదువంతా ఇప్పుడు డాక్టరుగారి ఫోనులో ఉంది. కానీ ఫోను చూస్తే, బావమరిదితో కబుర్లాడుతున్నాడని బెంచీ మీద గొణుగుడు. అందుకని ఆయన ముందు నన్ను తీసి, చట్రంతో సహా బల్లమీద నిలబెట్టి, ఆ తర్వాతే ఫోను చూస్తాడు.

మొన్న వెలుగొండయ్య వచ్చాడు. బాగా వంగిపోయాడు. వీపు తిప్పలేదు. డాక్టరు మొహంలోకే చూస్తూ ఎదురుగా కూర్చున్నాడు. నా మొహం మీద ఏమీ లేదు, నల్లగా ఉంది. మార్కాపురం పలకలాగే ఉంది. డాక్టరు ఫోనులో మందులు వెతుకుతూ, ఆలస్యమవుతోందని నొచ్చుకున్నాడు.

"తొందరేం లేదు సారూ" అన్నాడు వెలుగొండయ్య. "దిద్దుకోండి."