ముడి ముడికీ ఛార్జి

"దొంగలు మీరు! లోకానికంతా బాట ఏస్తున్నమని చెప్పి ఒక్క బండి పట్టే సందు ఏసిన్రు. పైసలు ఎక్కువ పడేసినోడు ముందుకు పోతుండు, మా ఆయన మూలకు నిలవడ్డడు. మీ ఇండ్లల్ల ఎవ్వలూ ఎవ్వల కోసం ఎదురుచూడరా?"

అనసూర్య ఫోన్‌ను తిడుతుంది. 'వరుసలో ఉంది' అన్న మాట దాని మీద కదలకుండ కూసుంది.

ఫోన్ ఆడబిడ్డ శ్వేతది. సిద్దిపేటల కంప్యూటర్ పాఠాలు చెప్తది. "అది నీ తిట్లు ఇనది వదినా," అని నవ్వింది.

"కట్టినోళ్లు మనుషులే కదనే!"

అనసూర్య మొగడు సతీశ్ దుబాయ్‌ల గోదాముల పనిచేస్తడు. ఇన్నేండ్లకు సెలవు దొరికింది. శుక్రవారంలోపు టికెట్టు చూపకపోతే ఆ సెలవు ఇంకొకనికి పోతది. టికెట్టు పైసలన్నీ బిట్‌కాయిన్ల ఇరుక్కున్నయి. అమ్మకానికి పంపిండు, అవి కొనేటోనికి చేరితెనే పైసలు చేతికొస్తయి.

సతీశ్ మొదట నేతగాడు. తెగిన పోగును పారెయ్యడు, ముడేసి దాస్తడు. జీతం వచ్చినప్పుడల్లా బిట్‌కాయిన్ గూడ అట్లనే చిటికెడు చిటికెడు కొన్నడు. అన్నీ కలిసి ఒక్క ముద్ద అయితయనుకున్నడు. కాలేదు. ఏ ముక్కకాముక్క అట్లనే ఉండిపోయింది.

"గాడ విలువ చూడరు వదినా, లెక్క పుస్తకంల ఎంత జాగ పడ్తదో చూస్తరు. ఒక్కో ముక్క ఒక్కో ముడి. ముడి ముడికీ ఛార్జి. ఒక్కటే ముక్కల కోటి రూపాయలు పంపేటోనికంటే మన అన్నకే ఎక్కువ పడ్తది. తక్కువ పెట్టిండు, ఎన్కవడ్డడు."

"మరి జాగ పెంచరాదా?"

"పెంచితే లెక్క సూసే మిషన్లు పెద్దయి కావాలె. అంతా పెద్దోళ్ల చేతుల్లకు పోతదని భయం. గందుకే మీదంగ ఇంకో బాట ఏసిన్రు, లైట్నింగ్ అంటరు. రెప్పపాటుల పోతది."

"ఆ బాటకెళ్లి పంపుమను!"

"గండ్లకు ఎక్కాలన్నా మొదలు గీ సందుల నుంచే పోవాలె."

అనసూర్య మగ్గం దిక్కు చూసింది. అచ్చు అతికేటప్పుడు సతీశ్ పక్కన కూసునేటోడు. వేళ్లకు బూడిద రాసుకొని పాత పోగుకు కొత్త పోగు మెలేస్తుంటే ఆయన మోచెయ్యి ఈమె మోచేతికి తాకేది. మాటలుండకపోయేటివి. ఇప్పుడు కూలాయన వచ్చి అతుకుతడు, మంచిగనే అతుకుతడు. బూడిద గిన్నెను మాత్రం ఆమె సతీశ్ జాగలనే పెడ్తది. కూలాయన అంత దూరం చెయ్యి చాపి తీసుకుంటడు. ఎందుకని అడగడు.

ఫోన్ మోగింది. సతీశ్.

"ఇంకా ఆడనే ఉందా?"

"ఆడనే ఉంది."

"ఛార్జి పెంచితే ఇయ్యాల్నే కదుల్తది. గని సగం గండ్లనే పాయె. మిగిలింది టికెట్టుకే సరి. ఆగితే రద్దీ తగ్గుతదంటున్నరు."

"ఎన్నడు?"

"ఎవలకెరుక?"

"నీ సెలవు ఆగుతదా?"

ఆయన, "ఇన్నేండ్లు ముడేసి దాసిన అనసూర్యా. ఛార్జికి ఇయ్యాలంటే పానం ఒప్పుతలేదు. ఉత్త చేతులతోని ఎట్ల రావాలె?" అన్నడు.

"పోగుల మీదున్న పానం నా మీద లేదా? నాకు ఉత్త చేతులే కావాలె. ఆ బాట కట్టినోళ్లను అడుగు: చిన్న చిన్న ముక్కలోళ్లు పది మంది కలిసి ఒక్కటే ఛార్జికి ఎక్కేటట్టు దారి ఇడువుమను. గల్లా పట్టి అడుగు. గని దానికంటే మొదలు ఛార్జి పెంచు. నేను ఫోన్ పెట్టను. ఇప్పుడే, నేను ఇంటుండంగనే నొక్కు."