పుల్లలకు చుట్టిన పాట

మూడు చలికాలాలు కుస్తీ పట్టి, వంటింటి రబ్బరు చేతితొడుగును సన్నగా కోసి బెల్టుగా తగిలించి, ఎసెన్‌కుల్ చివరికి పాత టేప్‌రికార్డర్‌ను బాగుచేశాడు. ఇక క్యాసెట్ పెట్టడమే తరువాయి. పెట్టె మూత ఎత్తి చూస్తే దుప్పట్లున్నాయి, మనవళ్ళ పాత బూట్లున్నాయి, క్యాసెట్ మాత్రం ఒక్కటీ లేదు.

"ఏమే, నా క్యాసెట్లేవి?"

సాయ్‌కల్ పిండి పిసుకుతూ తల ఎత్తలేదు. "బాత్మా అడిగితే సంచీతో సహా ఇచ్చేశా. ఎలకలు కాపురం పెట్టాయి దాంట్లో."

"నా పాట కూడానా?"

"సంచీలో ఉంటే అదీ పోయే ఉంటుంది."

ఎసెన్‌కుల్ పెట్టె మూత దభీమని వేశాడు. అది మామూలు పాట కాదు. ఇరవై ఏళ్ళ వయసులో సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరు నడుపుతూ, మరో ముగ్గురు కుర్రాళ్ళతో కలిసి 'నాలుగు గుర్రప్పిల్లలు' అని ఓ బృందం కట్టాడు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, తన గొంతు. కొచ్కోర్ ఊరి క్లబ్బులో ఒక సాయంత్రం పాడిన ఒకే ఒక పాట రికార్డయింది. ఆ రోజు హాలులో సాయ్‌కల్ ఉంది. రెండు నెలలకు పెళ్ళయింది. "నా పాట వినే నన్ను చేసుకుంది" అని నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి విందులోనూ చెప్పి, అడిగినా అడక్కపోయినా ఓ పాట అందుకుంటాడు. సాయ్‌కల్ అవునూ అనదు, కాదూ అనదు, అందరికీ టీ పోస్తుంది.

ఆ మౌనం ఈమధ్య అతన్ని తొలుస్తోంది. ఒక్కసారి ఆ పాట ఆమెకు వినిపించి, ఆమె నోటితో "అవును" అనిపించుకోవాలి. టేప్‌రికార్డర్‌తో మూడేళ్ళ కుస్తీ అందుకోసమే.

బాత్మా ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో గొర్రెలకు సూదులు పొడిచింది. రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టుకుంది. గుడారం గోడకు చుట్టే చాపల కోసం ఆడవాళ్ళు ఒక్కో గడ్డి పుల్లకూ రంగు ఉన్ని చుడతారు, పుల్లలన్నీ వరసగా కట్టాక బొమ్మ తేలుతుంది. బాత్మా ఉన్ని మానేసి క్యాసెట్ల టేపు చుట్టడం మొదలుపెట్టింది. ఊళ్ళో మొదట నవ్వారు, తర్వాత సంచులకు సంచులు ఇచ్చారు. చాపలు చూడ్డానికి కూడా జనం వెళ్తారా అని ఎసెన్‌కుల్ ఇన్నాళ్ళూ అటువైపు తొంగి చూడలేదు.

బాత్మాను కడిగేయాలనే బయల్దేరాడు. కానీ ఆమె పెరట్లో అడుగుపెట్టగానే కాళ్ళు ఆగిపోయాయి. కంచె పొడవునా చాపలు వేలాడుతున్నాయి. పాత టేపు గోధుమరంగులో, కొత్తది నల్లగా, ఎండకు తళతళలాడుతోంది. ఒక చాపలో బస్సు, అందులో అందరూ వెనక్కి తిరిగి కూర్చున్నారు. ఇంకోదాంట్లో ముసలమ్మ, తల ఉండాల్సిన చోట టీ కెటిల్. ఇలాంటివి అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఇవన్నీ నువ్వే చేశావా?"

"మరి మేకలు చేశాయా అన్నా?" అంది బాత్మా. "చుట్టేముందు ప్రతి క్యాసెట్టూ పూర్తిగా వింటా. వింటుంటే కంటికి ఏది కనపడితే అదే కడతా."

అలాగా అనుకుని ఎసెన్‌కుల్ దౌడు తీస్తున్న గుర్రం ముందు నిలబడ్డాడు. "ఇది నాదే కదూ?"

"అది రేడియోలో వాతావరణ వార్తలు."

"పోనీ ఆ డేగ?"

"అది మా చెల్లెలి పెళ్ళిలో గొడవ. నీది ఆ చివర ఉంది చూడు."

చివరి చాప ముందు ఇద్దరు ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. చాప నిండా ఒక గాడిద. మెడ సాచి, కళ్ళు మూసుకుని, ఆకాశంలోకి నోరంతా తెరిచి ఓండ్ర పెడుతోంది. వెనక మూడు గుర్రప్పిల్లలు తోకలెత్తి పారిపోతున్నాయి.

ఎసెన్‌కుల్ చెవులు ఎర్రబడ్డాయి. "విప్పు. నా పాట నాకు కావాలి."

"విప్పుతా. నీ టేపు, నీ ఇష్టం," అంది బాత్మా. వాదించలేదు, కానీ చాప అంచును చేత్తో ఒకసారి నిమిరింది. "రెండు నెలల పని అన్నా, అంతే."

అతను మళ్ళీ చూశాడు. ఎంత కోపంలో ఉన్నా ఒక మాట ఒప్పుకోక తప్పలేదు. ఆ మూసుకున్న కళ్ళలో ఉన్న ఆనందం అచ్చం ఆ సాయంత్రం తనకు కలిగినదే. బాత్మా దాన్ని ఎక్కడ చూసిందో మరి.

"మొత్తం వద్దులే. గొంతు పైకెత్తి పాడిన చోటు ఒక్కటి చాలు."

"అది నోట్లోనే పెట్టా. ఇంకెక్కడ పెడతా?"

ముళ్ళు విప్పి ఆరు పుల్లలు బయటికి తీసింది. వాటి చుట్టూ ఉన్న టేపును విప్పి, తుడిచి, అతికించి, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించింది. నిమిషం పాట కూడా ఉండదు. ఎసెన్‌కుల్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. టీ తాగిపోతానని బాత్మా వెంటపడింది.

సాయ్‌కల్‌ను పిండి చేతులతోనే కూర్చోబెట్టి మీట నొక్కాడు. గరగర, గిటార్లు, తర్వాత కుర్ర గొంతు. అది ఎక్కింది, ఇంకా ఎక్కింది, అన్నిటికన్నా పైమెట్టు మీద ఫెళ్ళున పగిలింది. బాత్మా తలెత్తి పైకప్పు వంక చూసింది. అప్పుడు హాలులోంచి, మైకుకు దగ్గరగా, ఒక అమ్మాయి నవ్వు. ఆపుకోలేక, ఊపిరందక నవ్విన నవ్వు. నలభై ఒక్క ఏళ్ళుగా వంటింట్లోంచి వింటున్న నవ్వును ఎసెన్‌కుల్ గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

టేపు ఆపి భార్యను చూశాడు. సాయ్‌కల్ పిండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. అంతలో అదే నవ్వు గదంతా నిండింది.

"అయితే పాట బాగుందని కాదన్నమాట నన్ను చేసుకుంది."

"హాలంతా నవ్విందయ్యా ఆ రోజు. నువ్వు మాత్రం కళ్ళు తెరవలేదు, పాట ఆపలేదు, ఆఖరిదాకా పాడావు. ఈయనతో ఉంటే బతుకంతా నవ్వుకోవచ్చు అనుకున్నా." కళ్ళు తుడుచుకుంటే చెంపలకు పిండి అంటింది. "అనుకున్నట్టే అయింది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే పాడ్డం మానేస్తావని."

ఎసెన్‌కుల్ టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. ఈసారి పాట కోసం కాదు, ఆ నవ్వు కోసం.

ఆరు పుల్లలనూ బాత్మా వాటి చోట మళ్ళీ కట్టింది, కానీ టేపు లేకుండా. ఉత్త పుల్లలు తెల్లగా పళ్ళలా కనపడ్డాయి, నోరు తెరిచి అరిచే గాడిద కాస్తా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే గాడిదైంది. మరుసటి వారం దాన్ని క్లబ్బులో తలుపుకు ఎదురుగా వేలాడదీశారు. ఎసెన్‌కుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజంతా దాని పక్కనే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే చెప్పాడు, అది నేనే అని.